బ్యాచ్ విశేషాల పుస్తకం: మిగతా 107 మంది ఎందుకు రాయట్లేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1996లో బీటెక్ పూర్తి చేసిన బ్యాచ్, నాలుగు బ్రాంచీలు కలిపి 168 మంది. డిసెంబరులో ముప్పై ఏళ్ల కలయిక. ఆ రోజుకి అందరి ఉద్యోగ, కుటుంబ విశేషాలతో ఒక పుస్తకం తేవాలనుకున్నారు. గూగుల్ ఫారం పంపితే రెండు నెలల్లో 61 మంది నింపారు. మిగతావాళ్లను ఎలా కదిలించాలి, పుస్తకం ఎలా వేయించాలి అని అడిగారు.

ముందు ఆ 61 పేర్లూ దగ్గర పెట్టుకుని ఒకసారి చూడండి. డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు, సొంత కంపెనీ పెట్టినవాళ్లు, పిల్లలకి మంచి సీటు వచ్చినవాళ్లు ఎక్కువమంది కనిపిస్తారు. ఫారం పంపితే చెప్పుకోదగ్గ వార్త ఉన్నవాళ్లే నింపుతారు. యాభై దాటిన బ్యాచ్‌లో ఈమధ్యే ఉద్యోగం పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, మంచాన పడ్డ తల్లిదండ్రులను చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చినవాళ్లు, పెళ్లే చేసుకోనివాళ్లు ఉంటారు. ‘ప్రస్తుత హోదా’, ‘సంస్థ’, ‘జీవిత భాగస్వామి ఉద్యోగం’, ‘పిల్లల చదువు’ అని వరసగా గళ్లు కనపడగానే వాళ్లు ఆ లింకు మూసేస్తారు. ఎన్నిసార్లు గుర్తుచేసినా తెరవరు. గ్రూపులో ‘ఇంకా నింపనివాళ్లు’ అని పేర్ల జాబితా పెట్టారంటే గ్రూపులోంచే వెళ్లిపోతారు. కాబట్టి ఆ ఫారాన్ని ఈరోజే ఆపేయండి. పని ఫోన్లతో నడవాలి.

దానికి ముందు అసలు జాబితా కావాలి. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లే బ్యాచ్ అనుకోవద్దు. కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, ప్రిన్సిపాల్‌కి బ్యాచ్ తరఫున ఒక లేఖ ఇచ్చి పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, అడ్రసుల వరకు అడగండి. హాల్‌టికెట్ వరస చేతికొస్తే సగం పని అయినట్టే. అందులో మీరు మర్చిపోయిన మూడు రకాలవాళ్లు బయటపడతారు: డిప్లొమా చేసి రెండో ఏడాదిలో నేరుగా చేరినవాళ్లు, డిటెయిన్ అయ్యి, అంటే ఏడాది వెనకబడి, మీ తర్వాతి బ్యాచ్‌తో బయటికెళ్లినవాళ్లు, పైబ్యాచ్ నుంచి మీలో కలిసినవాళ్లు. డిటెయిన్ అయినవాళ్లు రెండు బ్యాచ్‌లకూ చెందుతారు. ఎందులో ఉంటారో వాళ్లనే అడగాలి, మీరు తేల్చకూడదు. రెండింటిలోనూ ఉంటామంటే ఉండనివ్వండి, పోయేదేమీ లేదు.

రిజిస్టరులోని అడ్రసులు 1992 నాటివి. వాటిలో జిల్లా పేరు చూసి మోసపోవద్దు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. గుంటూరు జిల్లా నరసరావుపేట ఇప్పుడు పల్నాడులో ఉంది, మెదక్ జిల్లా సిద్దిపేటకి ఇప్పుడు సొంత జిల్లా ఉంది. ఊరి పేరు, పిన్‌కోడ్ పట్టుకుని వెతకండి. ఊళ్లో ఇల్లు అమ్మేసి వెళ్లిపోయినా ఎదురింటివాళ్లకో, కిరాణా కొట్టులోనో, గుడి పూజారికో ఆ కుటుంబం ఎక్కడుందో తెలిసే ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఉండే మీ బ్యాచ్ మనిషి ఒకరు ఆదివారం వెళ్లి అడిగి వస్తే లింక్డ్‌ఇన్‌లో నెల రోజులు వెతికినా దొరకని మనిషి దొరుకుతాడు.

లింక్డ్‌ఇన్‌లో దొరక్కపోవడానికి అసలు కారణం పేర్లే. కాలేజీలో మనకి ‘కె.వి. సుబ్బారావు’గా తెలిసినవాడు పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి రాయించుకుంటాడు. అమెరికా వెళ్లాక ఇంటిపేరు చివరికి పోతుంది, మధ్యలోని వెంకట మొదటి పేరవుతుంది, సుబ్బారావు ఎక్కడా కనపడడు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకి వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. వెతికేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా, కాలేజీ పేరు, పాసైన సంవత్సరం కలిపి కొట్టండి. బ్రాంచి మాత్రం కలపొద్దు. 1996లో సివిల్, మెకానికల్ చేసినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లలో అమీర్‌పేటలో కోర్సు చేసి వై2కె (2000 సంవత్సరం తేదీల సమస్య) గాలిలో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లారు. అమెరికా ఉద్యోగాలకిచ్చే హెచ్1బీ వీసాల పరిమితి 1999లో 65 వేల నుంచి 1,15,000కి, 2001లో 1,95,000కి పెరిగిన రోజులవి. వాళ్ల ప్రొఫైల్లో సివిల్ అన్న మాటే ఉండకపోవచ్చు.

అమ్మాయిల సంగతి వేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొందరికి పేరూ మారుతుంది. వాళ్ల ఆచూకీకి హాస్టల్ రూమ్మేట్ల దగ్గర మొదలుపెట్టండి, పెళ్లి శుభలేఖలు దాచుకున్నవాళ్లు వాళ్లలోనే ఉంటారు. తర్వాత అన్నదమ్ముల ద్వారా. భర్త ఆఫీసుకి ఫోన్ చేసి ఆరా తీయడం మాత్రం వద్దు. నంబరు దొరికాక కూడా ముందు అమ్మాయిల్లోనే ఒకరు ఫోన్ చేసి, ‘గ్రూపులో చేర్చమంటావా, నంబరు నా దగ్గరే ఉంచమంటావా’ అని అడగాలి. అడక్కుండా గ్రూపులో చేరిస్తే వందమందికి పైగా మగవాళ్ల చేతికి ఆమె నంబరు ఒక్క క్షణంలో వెళ్లిపోతుంది. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ, అందరినీ పట్టించగలం కదా అని అందరినీ లాగేయకూడదు.

ఇప్పుడు ఫోన్లు. ఒక్కొక్కరికి పది, పన్నెండు మందికి మించి ఇవ్వొద్దు. 168 మందికి పద్నాలుగు నుంచి పదిహేడు మంది కావాలి. పంచేటప్పుడు ఎవరికి ఎవరితో చనువుందో చూసి పంచండి. అక్షర క్రమంలో పంచితే పని తేలిక, ఫలితం సున్నా. లాబ్‌లో ఒకే బ్యాచ్, పక్కపక్క హాల్‌టికెట్, ఒకే బస్సు, ఒకే మెస్. ఇవీ చూడాల్సినవి. ఒకప్పుడు గొడవపడ్డవాళ్లెవరో కూడా మీకు తెలుసు కాబట్టి అక్కడ వేరేవాళ్లను పెట్టండి. ‘ఏరా, నేనురా’ అని మొదలుపెట్టగలిగినవాడు చేస్తే కాల్ ఇరవై నిమిషాలు సాగుతుంది. ‘నమస్తే అండీ, మన బ్యాచ్ సావనీర్ కమిటీ నుంచి’ అంటే రెండు నిమిషాల్లో ‘మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా’.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఆదివారం పొద్దున్న ఏడున్నర మంచి సమయం. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు శనివారం రాత్రి, వేసవిలో పది, చలికాలంలో తొమ్మిది. కాలిఫోర్నియాలో ఇంకా మూడు గంటలు ముందే. దుబాయ్‌లో ఆ టైముకి తెల్లవారు ఆరు, వాళ్లకి మాత్రం మధ్యాహ్నం చేయండి.

కాల్‌లో అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ ఉంటున్నావు’. ‘ఏం చేస్తున్నావు’ తర్వాత రావాలి, అదీ అవతలివాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పకపోతేనే. ఊరు అడిగితే ఇల్లు, అమ్మానాన్నలు, ఎవరెవరు పక్కన ఉంటారు అన్నీ వస్తాయి. అందులోంచే ఉద్యోగం సంగతీ వస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చిందా అని అడక్కండి. ఇరవై ఏళ్లుగా లైన్లో ఉన్నవాళ్లకి, పిల్లలకి 21 నిండి డిపెండెంట్ హోదా పోయినవాళ్లకి అది పుండు మీద వేలు పెట్టినట్టే. జీతం, ఇల్లు సొంతమా అద్దెనా, ‘ఇంకా పెళ్లి కాలేదా’, ‘ఎంతమంది పిల్లలు’, ఇవన్నీ మన నోటి నుంచి రాకూడదు. ‘కన్సల్టింగ్ చేస్తున్నా’ అంటే ‘ఏ కంపెనీకి’ అని రెట్టించకండి. చాలాసార్లు అది ఉద్యోగం పోయిన మనిషి తనకు తాను ఎంచుకున్న మర్యాదైన మాట. అలాగే రాయండి. ఒకవేళ ‘చూస్తున్నానురా, ఎక్కడైనా ఉంటే చెప్పు’ అని బయటపడితే ఆ సంగతి పుస్తకానికి కాదు. బ్యాచ్‌లో ఆ రంగంలో ఉన్న ఇద్దరికి, అతని అనుమతితో, విడిగా చెప్పాలి. యాభై దాటాక ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది ఇలా తెలిసినవాళ్ల నోటిమాట మీదే. నిజం చెప్పాలంటే ఈ మొత్తం శ్రమలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ ఒక్క ముక్కే, పుస్తకం రెండోది.

కాల్ చేసినవాళ్లు ఆ రాత్రే అరవై, డెబ్భై మాటల్లో రాసి ఆ మనిషికే వాట్సాప్‌లో తిరిగి పంపాలి: ‘ఇలా వేద్దామనుకుంటున్నా, ఏదైనా తీసేయాలన్నా కలపాలన్నా చెప్పు’. ఆయన ‘ఓకే’ అన్నదే పుస్తకంలోకి వెళ్తుంది. నోటిమాట ఓకే చాలదు, మెసేజ్‌లో ఉండాలి. ఎందుకంటే కలయిక రోజున ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు. భార్య పేరు తప్పు పడితే, మొదటి పెళ్లి సంగతి కనిపిస్తే అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

రాసే తీరు ఇదీ: ‘ఎలక్ట్రికల్. విజయవాడలో ఉంటున్నాడు. పదేళ్లు సబ్‌స్టేషన్ కాంట్రాక్టుల్లో సైట్లు తిరిగి, ఇప్పుడు భవానీపురంలో మోటారు వైండింగ్ వర్క్‌షాపు నడుపుతున్నాడు. అమ్మ దగ్గరే ఉంటుంది. థర్డ్ ఇయర్‌లో మెషీన్స్ లాబ్ ఫ్యూజు కాల్చిందెవరో ఇప్పటికీ ఒప్పుకోడు. ఎవరైనా కనకదుర్గమ్మ గుడికి వస్తే ముందురోజు ఫోన్ చేయమంటున్నాడు.’ ఇందులో పెళ్లి ఊసు లేదు, పిల్లల ఊసు లేదు. లేదని ఎవరికీ అనిపించదు కూడా. అదే గళ్లు గీసి ‘భార్య: —, పిల్లలు: —’ అని వేశారనుకోండి, పేజీలో అన్నిటికంటే ముందు ఆ గీతలే కనపడతాయి. అందుకే పట్టిక వద్దు, శీర్షికలు వద్దు, అందరికీ ఒకే పొడవు పేరా. డైరెక్టరుకీ అరవై మాటలే. ఆయన మూడు వందల మాటల బయోడేటా పంపుతాడు, తగ్గించమంటే నొచ్చుకుంటాడు, అయినా తగ్గించాల్సిందే. ఒకరికి పేజీ ఇచ్చి ఒకరికి నాలుగు లైన్లు ఇచ్చిన పుస్తకం రెండోసారి ఎవరూ తెరవరు.

ప్రభుత్వోద్యోగుల హోదా తొందరగా పాతబడుతుంది. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) అనుకున్నవారు ప్రింటయ్యేలోపు ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) అవుతారు. పుస్తకం మొదట్లోనే ‘వివరాలు ఫలానా నెల నాటివి’ అని ఒక్క లైను పెట్టండి. రిటైర్మెంటు సంవత్సరం మీరే లెక్కగట్టి రాయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి వయసు 62, తెలంగాణలో 2021 నుంచి 61, కేంద్రంలో 60. కార్పొరేషన్లలో ఇంకో లెక్క.

పిల్లల విషయంలో గట్టిగా ఉండండి. పేరు వరకు చాలు, అదీ తల్లిదండ్రులు ఇస్తేనే. కాలేజీ, హాస్టల్, ఫొటో వద్దు. ఈ వయసులో సగంమంది ఇళ్లలో పెళ్లీడు పిల్లలున్నారు, పుస్తకం చేతికొచ్చిన వారానికే ‘మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా, మీదేం గోత్రం’ అని ఫోన్లు మొదలవుతాయి. చూస్తున్నవాళ్లు తమ పేరాలో తామే ఆ ముక్క రాసుకుంటారు. మిగతావాళ్ల జోలికి ఎవరూ వెళ్లకుండా ఉండాలంటే వివరం ఇవ్వకపోవడమే దారి. ఫోన్ నంబర్లు ప్రింటు కాపీలోనే, అదీ ఒప్పుకున్నవాళ్లవే. పీడీఎఫ్ గ్రూపులో పెట్టే పనైతే నంబర్లు తీసేసిన వేరే ఫైలు చేయండి. బ్యాచ్‌లో ఇన్సూరెన్సు ఏజెంటు ఒకరు, ప్లాట్లు అమ్మేవారు ఇద్దరు తప్పకుండా ఉంటారు.

ఇక చనిపోయినవాళ్లు. ఈ పని అందరికంటే నిదానస్తుడికి ఇవ్వండి. ‘వాడు పోయాడటగా’ అన్న ఒక్క మాట మీద ఎవరి పేరూ రాయకూడదు. ప్రతి బ్యాచ్‌లో శ్రీనివాసులు ముగ్గురు నలుగురు ఉంటారు, పోయింది ఏ శ్రీనివాసో తేలాలి. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు చెప్పాలి, ఆపైన కుటుంబంలో ఒకరితో మాట్లాడాలి. కుటుంబానికి ఫోన్ చేసేటప్పుడు వాళ్లూరి వాడో, రూమ్మేటో చేస్తే మంచిది. ఫొటో అడగండి, కాలేజీ నాటిది కాకుండా వాళ్లకు నచ్చినది. సంవత్సరం రాయండి, కారణం రాయొద్దు. కుటుంబం చెప్పమన్నా రాయొద్దనే అంటాను, ఎందుకంటే ఒకరికి రాసి ఇంకొకరికి రాయకపోతే ఆ రెండోది ఏమిటా అని అందరూ ఆలోచిస్తారు. చివర్లో విడిగా ‘అమరులు’ అని నల్లంచు పేజీ పెట్టే అలవాటుంది. నా అభిప్రాయంలో వాళ్ల హాల్‌టికెట్ వరసలో వాళ్ల చోట వాళ్లు ఉండాలి, అందరితో సమానంగా అరవై మాటలతో. ఆ అరవై మాటలూ క్లాసులో వాళ్లెలా ఉండేవారో చెప్పాలి.

ఈ ఫోన్లలో ఏదో ఒక ఇల్లు కష్టంలో ఉందని బయటపడుతుంది, వెంటనే ‘తలా పదివేలు వేద్దాం’ అంటారు. మంచిదే, కానీ ఒక స్నేహితుడి ఖాతాలో పోగు చేయకండి, అతని లెక్కలు చిక్కుల్లో పడతాయి. నేరుగా ఆ కుటుంబానికి పంపితే, స్నేహితులు పన్ను చట్టం ప్రకారం బంధువులు కారు కాబట్టి, మామూలుగా ఏడాదిలో అందరిదీ కలిపి 50,000 దాటిందంటే దాటినంత మేరకే కాకుండా మొత్తం ఆదాయంగా లెక్కకొస్తుంది. ట్రస్టు పెట్టి వసూలు చేస్తే ఇంకో మెలిక. భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మిత్రుడు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి. డబ్బు కదలకముందే ఆడిటరుతో అరగంట కూర్చోండి.

గ్రూపు గురించి కూడా ఒక మాట. విశేషాలకి విడిగా, అడ్మిన్లు మాత్రమే రాయగల గ్రూపు ఒకటి పెట్టండి. గుడ్‌మార్నింగులూ రాజకీయాలూ పాతదాంట్లో ఉండనివ్వండి. మరణవార్త ఒకే మనిషి, ఒకే మెసేజ్‌గా పెట్టాలి: పోయింది ఎవరు, మన మిత్రుడికి ఏమవుతారు, అంత్యక్రియలు ఎక్కడ ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేయాలి, పెద్దకర్మ ఏ రోజు. ఒట్టి పేరు పెట్టి ‘ఓం శాంతి’ అని వదిలేస్తే, పోయింది మిత్రుడా, అతని నాన్నా అని అర్ధరాత్రి దాకా ఫోన్లు తిరుగుతాయి. పెద్దకర్మ తేదీ తప్పనిసరి, దూరాన ఉన్నవాళ్లు అందుకోగలిగేది దాన్నే.

ఇక అచ్చు పని. కలయికకి ఆరు నెలల ముందు జాబితా, ఆ తర్వాత రెండు నెలలు ఫోన్లు, ఒక నెల దొరకనివాళ్ల వేట. కలయికకి ఐదు వారాల ముందు మేటర్ మూసేయాలి. ప్రూఫులకి పది రోజులు, ప్రెస్‌కి రెండు వారాలు, మిగిలింది ఆలస్యాలకి. పేజీకి ఇద్దరు చొప్పున 168 మందికి 84 పేజీలు, ముందు వెనక కలిపి 96 దగ్గర ఆపితే పదహారు పేజీలకొక అచ్చు ఫారం లెక్కన సరిగ్గా ఆరు ఫారాలు. 1/8 డెమ్మీ సైజు, లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మాప్లితో కాగితం, అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. 96 పేజీలకి మధ్యలో పిన్ను కొడితే పుస్తకం సరిగా మూసుకోకపోవచ్చు, గమ్ బైండింగ్ చేయించండి. రెండు వందల కాపీలే కాబట్టి ఆఫ్‌సెట్ దండగ, డిజిటల్ ప్రింటు చాలు.

ఫొటో రెండు అంగుళాల వెడల్పు, రెండున్నర ఎత్తు అనుకుంటే 300 డీపీఐకి 600 బై 750 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. గూగుల్ ఫారంలో ఫొటో అప్‌లోడ్ గడి పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే తప్ప ముందుకెళ్లదు, మీ ఫారం కొందరు సగంలో వదిలేయడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

అందరూ పడే గొయ్యి ఫాంటు దగ్గర ఉంది. మీ మేటరంతా ఫోన్లో కొట్టిన యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. యూనికోడ్ నేరుగా అతికిస్తే డబ్బాలు వస్తాయి, కన్వర్టర్‌లో మార్చితే కొన్ని అక్షరాలు చెదురుతాయి. ముఖ్యంగా ‘ఆఫీస్‌లో’, ‘బెంగళూర్‌కు’ లాంటి చోట్ల పొల్లు పోయి ఒత్తు పడుతుంది, ‘ఆఫీస్లో’ అవుతుంది. మార్చాక చదివే ప్రూఫు వేరేగా ఉండాలి, మార్చకముందు చదివింది లెక్కలోకి రాదు. ఇన్‌డిజైన్‌లో చేసే సెంటరు దొరికితే అక్కడికే వెళ్లండి. తెలుగు ఒత్తులు సరిగా కూర్చోవాలంటే పేరాగ్రాఫ్ సెట్టింగులో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ ఎంచమనండి, అది పెట్టక ఒత్తులు విడిపోతే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదనుకుంటారు. పేర్లు మాత్రం తెలుగులోనూ, పక్కన పాస్‌పోర్టులో ఉన్నట్టుగానూ వేయండి, తర్వాత వెతికేవాళ్లకి అదే ఆధారం.

మేటర్ మూసేశాక కూడా వార్తలు వస్తూనే ఉంటాయి. ప్రమోషన్లు, పెళ్లిళ్లు, ఒక్కోసారి మరణం కూడా. వాటికోసం ప్రెస్ ఆపకండి. కలయిక ముందురోజు ఒక కాగితం జిరాక్స్ తీయించి ప్రతి కాపీలో పెట్టండి. తప్పుల సవరణలూ అందులోనే.